బంగారు రేకు, రోజుకొక గోలీ

నా ఉద్యోగంలో నేను చేసిన అతి కష్టమైన అమ్మకం ఉచితంగా ఇచ్చిన మందు. అది కూడా మా ఇంట్లోనే, మా అన్నకు.

మందుల సంచీ పట్టుకొని ఊళ్ళు తిరిగే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను పిలిచి నాలుగు మాటలు చెప్పమంటారు. డాక్టరును ఎట్లా ఒప్పించాలని అడుగుతారు. డాక్టరును ఒప్పించడం పెద్ద పని కాదు. ఆయన చదువుకున్నవాడు, పైగా తొందరలో ఉంటాడు. చిన్న వయసులో పోవడం గొప్పింటి లక్షణమని నమ్మే మనిషిని ఒప్పించిన సంగతి చెబుతాను. అది నేర్పే శిక్షణ ఇప్పటికీ ఏ కంపెనీలోనూ లేదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నా పరిధి. అంతా ఎర్రబస్సులే. ఎండ ఎంతున్నా మెడకు టై ఉండాలని కంపెనీ నియమం. ఆ టై చూసి బస్సులో జనం నన్ను చెకింగ్ అధికారి అనుకొని టికెట్లు తీసి చూపించేవారు. మొదట్లో కాదని చెప్పేవాణ్ణి. తర్వాత తర్వాత టికెట్ చూసి, తల ఊపి, తిరిగి ఇచ్చేసేవాణ్ణి. దవాఖానల్లో మాత్రం రోగులతోపాటు బల్ల మీద కూర్చోవడం నా వల్ల కాలేదు. మా తాత ముందు జనం నిలబడి ఎదురుచూసేవారట. నేను డాక్టర్ల గుమ్మాల ముందు నిలబడే ఎదురుచూశాను. కాంపౌండర్లు కూర్చోమనేవారు. వద్దనేవాణ్ణి. బల్ల మీద కూర్చుంటే ఉద్యోగి, నిలబడితే ఇంకా ఏదో మిగిలినట్టు నాకు అనిపించేది.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. ధరూర్ వైపు కృష్ణ ఒడ్డున మా వాళ్ళకు ఏడూళ్ళ మక్తా ఉండేది. ఆ ఊళ్ళ శిస్తు మా గడికి వచ్చి, అక్కడి నుంచి సంస్థానానికి పోయేది. పోయే దారిలో కొంత మా దగ్గర ఆగేది. నా కాలానికి ఆ ఏడూళ్ళలో మాకు మిగిలింది గడి ఒక్కటే, అందులో వాన పడని గదులు మూడు. భూముల్లో కొన్ని చట్టం కింద పోయాయి, కొన్ని ప్రాజెక్టు నీళ్ళ కింద పోయాయి. మిగిలినవి మా వాళ్ళ దర్జా కింద పోయాయి.

పోనిది ఒకటుంది. మా వంశంలో కొందరు మగవాళ్ళకు ముప్ఫై దాటాక కళ్ళ కొసల్లో, ముక్కు వైపు, రెప్పల మీద పసుప్పచ్చని మెత్తని మచ్చలు లేస్తాయి. జొన్నగింజంత మొదలై పూరేకంత అవుతాయి. మా ఇంట్లో దాన్ని బంగారు రేకు అంటారు. రేకు వచ్చినవాళ్ళకు మడమ వెనక నరం మీద గట్టి ముడి కూడా ఉంటుంది. అది రికాబు ముడి. తరాల తరబడి గుర్రపు రికాబుల్లో కాళ్ళు పెట్టి పెట్టి, ఆ గుర్తు రక్తంలోకే దిగిందని పెద్దలు చెప్పేవారు. మా అన్న, అంటే మా పెదనాన్న కొడుకు, జన్మలో గుర్రం ఎక్కలేదు. ఆయనకున్నది ఒక మోపెడ్. అయినా ముడి ఉంది.

రేకు వచ్చినవాడే ఇంటి పెద్ద. మా ఊరి పీర్ల పండుగలో మొదటి దట్టీ ఆయన చేతి మీదుగానే పోవాలి. దట్టీ అంటే పీరుకు కట్టే పచ్చబట్ట. హిందువులు, ముస్లిములు ఎవరి మొక్కు వాళ్ళు కడతారు కాని మొదటిది మా గడిది. ఏడూళ్ళూ పోయాక మాకు మిగిలిన రాజ్యం ఆ గజం బట్టే. మా నాన్నకు రేకు రాలేదు. ఆయన బతుకంతా అన్నగారి వెనక చేతులు కట్టుకొని నిలబడ్డాడు. నాకు ముప్ఫై దాటాక రోజూ పొద్దున అద్దంలో రెప్పలు సాగదీసి చూసుకునేవాణ్ణి. ముప్ఫై అయిదుకు ఆశ వదులుకున్నాను.

రేకు ఉన్నవాళ్ళు ముసలివాళ్ళు కారు. దీన్ని కూడా మా ఇంట్లో గొప్పగానే చెప్పుకునేవారు. పెద్ద పెద్దవాళ్ళు భూమ్మీద ఎక్కువకాలం ఆగరని, ఊతకర్ర పట్టుకొని తిరగడం సామాన్యుల లక్షణమని అనేవారు. మా మేనత్త కూడా నలభైల్లోనే గుండె పట్టుకొని పోయింది. ఆడవాళ్ళ కళ్ళ మీద ఏముందో ఎవరూ చూడలేదు కాబట్టి ఆమె లెక్కలోకి రాలేదు.

తొంభైల నడిమి రోజుల్లో మా కంపెనీ స్టాటిన్ జాతి మందు తెచ్చింది. రక్తంలో కొలెస్ట్రాల్ అనే కొవ్వు మితిమీరినవాళ్ళకు రోజుకొక మాత్ర. రాత్రి అన్నం తిన్నాక వేసుకోవాలి. కాలేయం ఆ కొవ్వును తయారు చేయడం తగ్గిస్తుంది. దాన్ని గురించి శిక్షణకు మమ్మల్ని హైదరాబాదు పిలిచారు. డాక్టర్లకు చూపించే బొమ్మల అట్ట ఒక్కొక్క పేజీ తిప్పుతూ శిక్షకుడు చెబుతున్నాడు. మూడో పేజీ తిప్పాడు. అందులో ఒక కన్ను ఉంది. గడి నడవాలో వేలాడే పటంలో మా తాతకున్న కన్ను అది.

లేచి నిలబడి, ఆయన ఏ ఊరివాడని అడిగాను. ఎవరో రోగి, విదేశీ పుస్తకంలోని ఫొటో అన్నాడు శిక్షకుడు. ఆ గుర్తు మా ఇంట్లో ఉందని చెప్పాను. వెనక వరసలో ఎవరో నవ్వారు. శిక్షకుడు నవ్వలేదు. ఎవరెవరికి ఉందని, వాళ్ళు ఎంత వయసులో పోయారని అడిగాడు.

"మా ముత్తాత నలభై రెండు, తాత నలభై అయిదు" అన్నంతవరకు నా గొంతు గట్టిగానే ఉంది. "పెదనాన్న నలభై ఆరు" అనేసరికి గదిలో ఎవరూ నవ్వడం లేదు.

"ఇప్పుడు ఎవరికుంది?"

"మా అన్నకు. నలభై మూడు."

"కూర్చోండి" అన్నాడాయన. నా ఉద్యోగంలో ఎవరైనా కూర్చోమంటే వెంటనే కూర్చున్నది ఆ ఒక్కసారే.

ఆ ఆదివారమే గడికి పోయాను. వదిన వంటింటి గుమ్మంలోనే చిన్నగొంతుతో చెప్పింది. అన్న ఈమధ్య మేడమెట్లు ఎక్కుతూ నడుమ ఆగుతున్నాడట. అడిగితే ఊరు చూస్తున్నానంటాడట. ఆ మెట్లకు కిటికీ లేదు.

నేను అన్న ముందు అట్ట తెరిచి మూడో పేజీ చూపించాను. తీరిగ్గా, డాక్టరుకు చెప్పినట్టే అంతా చెప్పాను. కొవ్వు నెత్తుటిలో పేరుకుంటుంది, రెప్పల మీదికి కొంత వస్తుంది, గుండె నాళాల్లోకి మిగతాది పోతుంది అన్నాను. అన్న పేజీని చాలాసేపు చూశాడు. ఆయన ముఖం వెలిగింది.

"మన గుర్తును అచ్చేసిన్రు. హైదరాబాదోళ్ళకు గూడ తెలిసిందన్నట్టు."

"అన్నా, ఇది రోగమని అచ్చేసిన్రు."

"వాళ్ళకేం ఎరుక తమ్మీ. గొప్పోళ్ళది ఏదన్న వాళ్ళకు రోగం లెక్కనే కనబడ్తది" అని వదినను పిలిచి, ఆ పేజీ జాగ్రత్తగా కోసి తాత పటం పక్కన పెట్టించాడు. నేను వద్దన్నాను. ఇంటి పెద్ద మాట మీద ఎక్కువసేపు వద్దనడం మాకు అలవాటు లేదు. ఆ తర్వాత మూడు నెలలు నా అట్టలో రెండో పేజీ తర్వాత నాలుగో పేజీయే ఉండేది. కోతి చింపిందని మేనేజరుకు చెప్పాను.

మాత్రల సంగతి ఎత్తేసరికి అన్న ఒక్కటే అడిగాడు.

"ఈ గోలీ మింగితే రేకు పోతదా?"

ఇంటి పెద్దతో అబద్ధం నాకు చేతకాదు. అది కూడా మా ఇంటి జబ్బే. కొన్నేళ్ళకు పలచబడవచ్చని చెప్పాను.

"రేకు పోయినంక నేనెవర్ని? మోపెడ్ మీద తిరిగే ముసలోణ్ణి. దట్టీ ఏ మొకం పెట్టుకొని పట్కపోత? నాయిన లెక్క ఇంక మూడేండ్లు బతికినా సాలు."

ఆ మూడేళ్ళను ఆయన లెక్కపెట్టుకొనే ఉన్నాడని నాకు అప్పుడు అర్థమైంది. వదిన గుమ్మంలో నిలబడి వింటోంది. బస్సెక్కించేటప్పుడు ఆమె నాతో అన్నది ఒక్కటే మాట: "నువ్వు ఊరూరికి అమ్ముతవు గద. నాకోసం ఒక్కటి అమ్ము."

గద్వాలలో ఒక పెద్ద డాక్టరు ఉండేవాడు. మాట కటువు, చెయ్యి మంచిది. సంగతి చెబితే, ముందు మీ అన్న నెత్తురు తే, తర్వాత మాట్లాడుదాం అన్నాడు. పరగడుపున తీయాలి. రేకు ఎంత గొప్పదో కాగితం మీద వస్తుందని చెప్పి అన్నను ఒప్పించాను. తోడుగా నేనూ ఇచ్చాను. ఆ పరీక్ష గద్వాలలో లేదు, కర్నూలు పోవాలి. సీసాలను ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టుకొని బస్సులో ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. చాయ అనుకొని పక్కనాయన ఇంత పొయ్యమన్నాడు.

అన్నది మూడు వందల ఎనభై వచ్చింది. రెండు వందల లోపు ఉండాలని చెబితే ఆయన మీసం మీద చెయ్యి వేశాడు.

"నీదెంత?"

"నూట అరవై ఎనిమిది."

అన్న నా భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే, ఏం జేస్తవు. సిన్నాయిన కొడుకువు" అన్నాడు. కాగితం చూసినప్పుడు డాక్టరు నాకు చేయి కలిపి నూరేళ్ళు బతుకుతావన్నాడు. నిజం చెబుతున్నాను, ఆ రోజు గద్వాల బస్టాండు దాకా తల దించుకొని నడిచాను. మందు గురించి అంత తెలిసిన నాకే అట్లా ఉంటే అన్నను ఏమనగలను?

ఆ తర్వాత నెలకు అయిజలో డాక్టర్ల దగ్గర తిరిగి, బస్సు రాక, బస్టాండు పక్కన మిరపకాయ బజ్జీల బండి దగ్గర నిలబడ్డాను. బండివాడికి నలభై ఉంటాయి. బజ్జీలు తీసి, పొగలోంచి తలెత్తి నన్ను చూశాడు. రెండు కళ్ళ కొసల్లో రెండు రేకులు. మా అన్నవాటికంటే పెద్దవి.

నా చూపు ఎక్కడ ఆగిందో అతను కనిపెట్టాడు. పొట్లం కడుతూ మీదే ఊరని అడిగాడు. చెప్పాను. పొట్లం నా చేతిలో పెట్టి, కాసేపు నూనెలోకి చూశాడు.

"మా అవ్వ మీ గడిల పెండ తీసేది" అన్నాడు. "మా నాయిన ఎవరి కొడుకో నాకు జెప్పింది. ఎవ్వరికి జెప్పొద్దని గూడ జెప్పింది. మీరైతే తెలిసినోళ్ళే కాబట్టి జెప్పినట్టు గాదు."

వాళ్ళ నాన్న ఎంతకు పోయాడని అడిగాను. నలభై నాలుగుకు, ఇదే పొయ్యి ముందు అన్నాడు. నేను సంచీ దించి అక్కడే అంతా చెప్పాను. కొనేవాళ్ళు నలుగురు నిలబడి విన్నారు, వాళ్ళలో ఒకాయన తన రెప్పలు కూడా చూడమన్నాడు. బండివాడు అంతా విని, ఆ గోలీలు నాకొద్దు అన్నాడు.

"ఎందుకు?"

"అవ్వ నాకిచ్చింది ఇదొక్కటే దొరా. ఇల్లు ఇయ్యలే, గుంటెడు జాగ ఇయ్యలే. పెద్దింటోళ్ళ గుర్తు ఇచ్చిపోయింది. ఊకె కరగబెట్టుకోమంటవా?"

నేను నా ఉద్యోగ జీవితంలోకెల్లా పెద్ద తప్పు ఆ వారమే చేశాను. పోయి అన్నకు ఈ సంగతి చెప్పాను. నా ఆలోచన చాలా తెలివైందని అప్పుడు అనుకున్నాను. బజ్జీలు వేసే మనిషికి కూడా రేకు ఉందంటే, అది గొప్పతనం కాదు, రోగమే అని అన్నకు తెలిసివస్తుందనుకున్నాను. అన్నకు తెలిసివచ్చింది వేరు.

"నాకంటె పెద్దగున్నయా?" అన్నాడు.

ఉన్నాయని ఒప్పుకోవలసి వచ్చింది. అన్న ఆ రోజు అన్నం సరిగా తినలేదు. పొద్దున్నే నన్ను లేపి కూర్చోబెట్టి, ఆ మనిషి రేపు పీర్లకాడికి వచ్చి, రేకు చూపించి, మొదటి దట్టీ నాదంటే ఏం చెప్పాలని అడిగాడు. అతనికి అట్లాంటి ఆలోచనే లేదన్నాను. లేకుండా ఎట్లా ఉంటుంది, గడి నెత్తురే కదా అన్నాడు. మొదటిసారి అతన్ని మా నెత్తురు అన్నది అన్నే, అదీ భయంతో.

"గోలీలు ముందు వానికియ్యి. వాని రేకు కరిగినంక నేనూ మింగుత."

ఈ మాట అయిజకు మోసుకుపోయాను. బండివాడు పడీ పడీ నవ్వాడు. దట్టీ నాకేం చేసుకోనీకి అన్నాడు. కాని మీ అన్న రేకు ఉంచుకొని నన్ను కరగబెట్టుకోమంటే ఎట్లా కుదురుతుంది, ముందు ఆయననే మింగమను అన్నాడు. వర్షాకాలమంతా నేను ధరూర్‌కూ అయిజకూ మధ్య ఈ రాయబారం నడిపాను. రెండు వైపులా మనుషులు చావడానికి సిద్ధం. ముందు మింగడానికి మాత్రం ఎవరూ సిద్ధంగా లేరు.

చివరికి డాక్టరుకు విసుగొచ్చింది. ఇద్దరినీ ఒకేరోజు తోలుకరమ్మన్నాడు. ఎవరి రేకు ఎంతుందో నేను కొలిచి రాసుకుంటా, మోసం లేకుండా ఇద్దరూ ఒకేసారి మింగాలి, ఈ మాట చెప్పు అన్నాడు. కొలత అనేసరికి ఇద్దరూ ఒప్పుకున్నారు. పెట్టిన రోజు మంగళవారం. ఆ రోజే నా పని చూడటానికి మేనేజరు హైదరాబాదు నుంచి దిగాడు. టై కట్టుకున్న మేమిద్దరం దవాఖాన కింద నిలబడ్డాం.

దవాఖాన చీరల దుకాణం పైన ఉండేది. పక్కనే బయటి మెట్లు, నడుమ ఒక చిన్న అరుగు. అన్న తెల్లని ధోవతి, లాల్చీ వేసుకొని మోపెడ్ దిగాడు. బండివాడు కొత్తంగీ వేసుకొని అయిజ బస్సు దిగాడు. నేను పరిచయం చేయబోయాను. ఇద్దరూ ఒకరి కళ్ళు ఒకరు చూసుకున్నారు, పలకరించుకోలేదు. అన్న ముందు ఎక్కాడు. నాలుగు మెట్లు విడిచి అతను ఎక్కాడు, వెనక మేమిద్దరం.

అరుగు దగ్గర అన్న ఆగాడు. కిందికి తిరిగి, చీరల దుకాణం బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డాడు. రెండు మెట్ల కింద బండివాడు కూడా ఆగాడు. అతనూ బోర్డు వైపే తిరిగాడు. మేనేజరు గడియారం చూసుకున్నాడు. వాళ్ళు చీరలు కొంటారా అని నన్నడిగాడు. ఇద్దరి ముఖాల మీదా చెమట ఉంది. ఇద్దరి ఎడమ చేతులూ ఛాతీ దగ్గరికి పోయి, ఎవరైనా చూస్తారేమోనని మళ్ళీ కిందికి దిగాయి. చాలాసేపటికి అన్న తల తిప్పకుండానే అడిగాడు.

"నువ్వు గూడ బోర్డు సదువుతున్నవా?"

"నాకు సదువు రాదు దొరా" అన్నాడతను.

అన్న అతని ముఖం చూశాడు. గొంతు తగ్గించాడు. కాని ఆ మెట్ల మీద నాకు అన్నీ వినబడ్డాయి.

"ఎన్ని మెట్లకు వస్తది?"

"ఏడింటికి. మీకు?"

"తొమ్మిదింటికి" అన్నాడు అన్న. ఆ నొప్పిలో కూడా రెండు మెట్లు ఎక్కువ చెప్పినందుకు మెడ నిటారుగా పెట్టాడు. ఆ తర్వాత మెడ దించి, "రొమ్ము నడుమ కట్టేసి పిండినట్టుంటది గదా" అన్నాడు. "దవడకు గూడ పోతది" అన్నాడతను. అవునన్నట్టు అన్న దవడ పట్టుకున్నాడు. ఆ మాట అన్న అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. వదినకు చెప్పలేదు, నాకు చెప్పలేదు. చెప్పడానికి అదే నొప్పి ఉన్న ఇంకొక మనిషి కావలసి వచ్చింది. అన్న చెయ్యి చాచాడు. బండివాడు ఆ చెయ్యి పట్టుకొని మిగిలిన మెట్లు ఎక్కాడు. ఎవరు ఎవరిని ఎక్కించారో ఇప్పటికీ చెప్పలేను.

డాక్టరు ఇద్దరికీ ఈసీజీ తీశాడు. నొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇచ్చాడు, ఇంకా రెండు మూడు రాశాడు. గుండె పరీక్షకు కర్నూలు పోవాలని చీటీ చేతికిచ్చాడు. తర్వాత మాట ఇచ్చినట్టే చిన్న స్కేలు తీసి, నాలుగు రెప్పలూ కొలిచి రాసుకున్నాడు. బండివాడివి రెండు మిల్లీమీటర్లు పెద్దవి. అన్న ఒప్పుకున్నాడు. నా సంచీలోని శాంపిల్ డబ్బాలు రెండు బల్ల మీద పెట్టాను. ఇది రాత్రి మింగేదే కాని మొదటిదానికి ముహూర్తం లేదన్నాడు డాక్టరు. కాంపౌండరు రెండు గ్లాసులు తెచ్చాడు.

"ఒకటి, రెండు, మూడు" అన్నాడు డాక్టరు.

ఇద్దరూ నోట్లో వేసుకున్నారు. నీళ్ళు తాగారు. ఎవరి గుటకా పడలేదు. ఇద్దరూ మాత్రను బుగ్గలో పెట్టుకొని ఎదుటివాడి గొంతు చూస్తున్నారు. డాక్టరు కూడా ముప్ఫై ఏళ్ళ ప్రాక్టీసులో మనిషి గొంతుముడిని అంత శ్రద్ధగా ఎప్పుడూ చూసి ఉండడు. కాసేపటికి చేదు తగిలి బండివాడి ముఖం వంకర పోయింది. అతను మింగేశాడు. "మీరే గెల్సిన్రు దొరా, మింగున్రి ఇగ" అన్నాడు. అన్న మింగాడు. నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించాడు, అడగకుండానే.

ఒక డాక్టరు దగ్గర రెండు గంటలు, కొత్త ప్రిస్క్రిప్షన్లు సున్నా అని మేనేజరు ఆ రోజు రిపోర్టు రాశాడు. దాని మీద నాకొక మెమో వచ్చింది. తప్పేమీ లేదు. ఆయన రాసిన ప్రతి అక్షరం నిజమే.

ఆరు వారాలకు పరీక్ష చేస్తే అన్న అంకె రెండు వందల డెబ్భైకి దిగింది. "తగ్గిందా" అన్నాడు. పొలం మునిగిందని విన్నప్పటి గొంతు అది. బండివాడిది కూడా అంతే తగ్గిందని చెబితే కొంచెం ఊరట పడ్డాడు. నెలకోసారి మోపెడ్ మీద అయిజ పోయి అతని రెప్పలు చూసి వచ్చేవాడు. ఇదివరకైతే అన్నకు బండి దగ్గర నిలబడి తినడమే తలవంపులు. ఇప్పుడు తిందామంటే అతను పెట్టేవాడు కాదు. నూనె వంటలు డాక్టరు వద్దన్న సంగతి వీళ్ళకు గుర్తు చేయడానికి నా అక్కర లేకపోయింది.

మూడో ఏడు పీర్ల పండుగనాటికి అన్న రేకు బాగా పలచబడింది. అన్న భయం భయంగా పచ్చబట్ట పట్టుకొని పోయి, పీర్లను చూసుకునే ముజావర్ తాత ముందు నిలబడి, తనకిప్పుడు రేకు లేనట్టేనని, మొదటి దట్టీ కట్టవచ్చో లేదో చెప్పమని అడిగాడు. తాత ఎనభై ఏళ్ళవాడు. మా తాతను చూసినవాడు.

"రేకేంది బిడ్డా?" అన్నాడు.

అన్న కళ్ళు చూపించి అంతా వివరించాడు. తాత దగ్గరికి వచ్చి చూశాడు. "గడి నుంచి ఎవరు తెస్తె వాళ్ళది కడ్తం. కండ్ల మీద ఏమున్నదో మేమెందుకు జూస్తం? మీ తాత గూడ ఎన్నడు జెప్పలే" అన్నాడు. ఆ నియమం మా గడి గోడలు దాటి ఎప్పుడూ బయటికి రాలేదు. నాలుగు తరాలు మేము మాలో మేమే పాటించుకున్నాం. దాని కోసమే మా అన్న చావడానికి సిద్ధపడ్డాడు.

పెదనాన్నకు నిండని నలభై ఏడేళ్ళు అన్నకు నిండిన పొద్దున వదిన ఎవరికీ చెప్పకుండా గడి ముందు కల్లాపి చల్లి పెద్ద ముగ్గు వేసింది. అన్న కూతురికి కూడా నెత్తురు పరీక్ష చేయించమని డాక్టరు గట్టిగా చెప్పి ఉన్నాడు. చేయిస్తే ఆమెకూ అంకె పెద్దదే వచ్చింది. మా ఇంట్లో ఆడపిల్ల కళ్ళ వైపు అట్లా చూడటం అదే మొదలు. ఆమె ఎవరినీ ముందు మింగమనకుండా ఆ సాయంత్రమే మాత్ర మొదలుపెట్టింది.

నేను రిటైరయ్యాక ఒకరోజు గడికి పోతే అన్న మంచం మీద కాళ్ళు చాచి కోపంగా కూర్చున్నాడు. అరవై దాటాడు. నన్ను చూడగానే కంపెనీ మీద ఫిర్యాదు మొదలుపెట్టాడు.

"మోకాళ్ళు నొస్తున్నయి. మా నాయినకు నొయ్యలే, తాతకు నొయ్యలే. మన ఇంట్ల పెద్దరికం జేసినోని మోకాళ్ళు ఎన్నడు నొయ్యలే. మీ గోలీ జేసిన పనే ఇది."

ఆ మందుకు కండరాల నొప్పులు వచ్చే మాట ఉంది కాబట్టి డాక్టరుకు చూపించాను. పరీక్షలు చేసి, మందు కాదు, వయసు అన్నాడాయన. అన్నకు అదే చెప్పాను. ఆయన నమ్మలేదు. అట్లాంటిది మా ఇంట్లో లేదన్నాడు. కాసేపు మోకాళ్ళను రెండు చేతులతో పట్టుకొని చూశాడు.

"ఎన్ని దినాలుంటది?"

"ఇంక ఉంటదన్నా. పోదు."

అన్న ఫోను నా చేతికిచ్చి అయిజకు కలపమన్నాడు. వానికి కూడా నొస్తున్నయా లేదా అడుగు, అన్నాడు. కలిపాను. బజ్జీల బండి ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు, అతను ఇంట్లోనే ఉన్నాడు. అడిగాను. అటువైపు ఒక నవ్వు వినబడింది.

"నాకు రెండేండ్ల సంది నొస్తున్నయని జెప్పు దొరకు."